బండబాబాయి రాసిన గుండె పరీక్ష

ఆ రోజు మా ఇంట్లో జరగాల్సిన పనులు ఇవి:

నాన్న యూనిఫాం చొక్కా ఉతికి ఇస్త్రీ చేయాలి.

అదే చొక్కాకు భుజాల దగ్గర కుట్లు విప్పి, కాస్త వదులు చేసి, మళ్ళీ కుట్టాలి.

బస్సు కంపెనీ ఇచ్చిన గుర్తింపు కార్డు వెతకాలి. దొరక్కపోతే ఒకరినొకరు తిట్టుకోకుండా మళ్ళీ వెతకాలి.

బాబాయి మీసం కత్తిరించాలి.

నాన్నమ్మ నోరు విప్పకూడదు.

అమ్మాయి ఆస్పత్రికి వెళ్ళాకే మిగతావాళ్ళు ఇల్లు కదలాలి.

ఆ అమ్మాయిని నేనే. వంటింట్లో అమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ ఇవన్నీ గొణుక్కుంటుంటే పళ్ళు తోముకుంటూ విన్నాను. గుండె స్కానింగ్‌లో డిగ్రీ చేసి ఆస్పత్రిలో పనిచేస్తున్నదాన్ని. కొట్టుకుంటున్న గుండెను తెర మీద చూసి, ఏ గోడ బద్ధకిస్తోందో చెప్పగలను. కానీ నాన్న గుండె పరీక్షకు బాబాయి మీసం ఎందుకు కత్తిరించాలో నా బుర్రకు తట్టలేదు. పరీక్ష అంటే మా ఇంట్లో అటక మీది సామాను కూడా దులుపుతారు. మీసం కూడా ఆ కోవలోదే కాబోలనుకుని నోరు పుక్కిలించి వెళ్ళిపోయాను.

మా వంశంలో కాలేజీ గడప తొక్కింది నేనొక్కదాన్నే. 'శాతం' అనే మాట మా ఇంట్లోకి నాతోపాటే వచ్చింది. నా ఫలితాలు తెలిసిన ప్రతిసారీ నాన్న చేతులు కడుక్కుని, కుర్చీలో నిటారుగా కూర్చుని, "ఇప్పుడు చెప్పమ్మా" అనేవాడు. అరవై దాటితే ఫస్ట్ క్లాసు. యాభై దాటితే పరువు దక్కినట్టు. ముప్పై అయిదు దాటితే బతికి బయటపడ్డట్టు. శాతానికి ఇంతకు మించి వేరే పని ఉంటుందని మావాళ్ళెవరూ ఎరగరు. వడ్డీకి కూడా శాతం ఉంటుందని ఎవరో చెబితే, "అదెక్కడ చదువుతోంది?" అన్నాడట బాబాయి.

నాన్న సిటీ బస్సు డ్రైవరు. యాభై ఏళ్ళు దాటిన డ్రైవర్లందరూ మా ఆస్పత్రిలో గుండె స్కానింగ్ చేయించుకోవాలని కంపెనీ కొత్తగా నిబంధన పెట్టింది. గుండె బాగుంటే స్టీరింగు. బాగా లేకపోతే డిపో గేటు పక్కన కుర్చీ, వచ్చే బస్సుకూ పోయే బస్సుకూ చెయ్యి ఊపే ఉద్యోగం.

"నేను నడపాల్సిన బస్సుకు నేనే టాటా చెప్పాలా?" అన్నాడు నాన్న. ఆ రోజు అన్నం కూడా సగంలో వదిలేశాడు.

నాన్నకు జబ్బేమీ లేదు. ఉన్నదల్లా పరీక్షలంటే భయం. అయిదో తరగతిలో లెక్కల పేపరు చేతికిచ్చిన రోజున బడి గోడ దూకిన మనిషి, మళ్ళీ ఆ గోడ లోపలికి వెళ్ళలేదు. డ్రైవింగ్ పరీక్ష రోజున, పక్కన కూర్చున్న ఆఫీసరు ఆపమని అనలేదని బండిని ఊరు దాటించేశాడట. వెనక్కి తెచ్చాక ఆ ఆఫీసరు, ప్రాణాలతో దిగితే చాలన్నట్టు సంతకం పెట్టేశాడట.

ఆ భయం పోగొడదామని ఒక సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి విడమరచి చెప్పాను.

"గుండెలో కింద రెండు గదులుంటాయి నాన్నా. ఎడమ పక్కది ఒళ్ళంతటికీ రక్తం పంపుతుంది. వదులైనప్పుడు నిండుతుంది, ముడుచుకున్నప్పుడు బయటికి నెడుతుంది. గది బాగా నిండిన క్షణాన దాని అంచు వెంట మేం మిషన్లో ఒక గీత గీస్తాం. బాగా ముడుచుకున్న క్షణాన ఇంకో గీత గీస్తాం. నిండినదాంట్లో ఎంత భాగం బయటికి పోయిందో మిషను లెక్కకట్టి చెబుతుంది. సూదీ లేదు, కోతా లేదు."

"మొత్తం బయటికి పోవాలా?" అన్నాడు నాన్న.

"ఎవరికీ మొత్తం పోదు. వందలో అరవై పోతే బ్రహ్మాండం."

"మరి మిగతాది?" అంది నాన్నమ్మ.

"లోపలే ఉంటుంది."

"ఏం చేస్తుంటుంది లోపల?"

"ఏమీ చేయదు నాన్నమ్మా. ఊరికే ఉంటుంది."

"మీ తాతలాగా" అంది నాన్నమ్మ. ఆవిడకు గుండె అక్కడితో పూర్తిగా బోధపడింది.

నాన్నకు బస్సు గుర్తొచ్చింది. "ఇంతేగా తల్లీ? స్టాపులో జనం ఎక్కుతారు. బస్సు నిండుతుంది. తర్వాతి స్టాపులో సగానికి పైగా దిగిపోతారు. కొందరు మాత్రం కిటికీ సీటు వదలరు. మళ్ళీ జనం ఎక్కుతారు."

"అచ్చంగా అంతే!" అన్నాను. మా కాలేజీలో కూడా ఎవరూ ఇంత బాగా చెప్పలేదు. ఆ సంబరంలో ఇంకో మాట కలిపాను. "యాభై దాటితే పాసైనట్టే అనుకో."

"పాసా?" అన్నాడు నాన్న. అరచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. "అయితే ఇది పరీక్షేనన్నమాట!"

ఇక ఎంత మొత్తుకున్నా లాభం లేకపోయింది. కూరగాయలామెతో అమ్మ "మావారికి పరీక్షలు" అని చెబితే, ఆమె "ఏ సబ్జెక్టు?" అని అడిగిందట. "గుండె" అంది అమ్మ. "అబ్బో, అది కష్టం" అని ఆమె నాలుగు టమాటాలు ఎక్కువ వేసిందట. నాన్న రోజూ కిటికీ దగ్గర నిలబడి, గాలి పీలుస్తూ "ఎక్కండి, ఎక్కండి", వదులుతూ "దిగండి, దిగండి" అని సాధన చేసేవాడు. ఊపిరితో గుండె మార్కులు పెరగవని చెప్పాను. "నీకు పరీక్షలప్పుడు నేను అడ్డొచ్చానా?" అన్నాడు. నిజమే. ఎప్పుడూ రాలేదు.

ఇక బాబాయి సంగతి. ఇళ్ళు మారేవాళ్ళ సామాన్లు మోయడం ఆయన పని. వీపుకు పట్టీ కట్టి ఒక్కడే ఫ్రిజ్‌ను మేడ ఎక్కిస్తాడు. అందుకే ఆయన పేరు బండబాబాయి. నాన్న కంటే ఒక్క ఏడాది చిన్న. పెళ్ళి చేసుకోలేదు. "పెళ్ళి బరువు పట్టీకి ఆగదు" అంటాడు. మా ముందుగదిలోనే ఉంటాడు. ముఖం మాత్రం నాన్నదే. ఇద్దరినీ పక్కపక్కన నిలబెడితే, ఒకే మనిషిని ఒకసారి ఇస్త్రీ చేసీ, ఒకసారి చేయకుండానూ వదిలేసినట్టుంటారు.

ఆ రోజుల్లో బాబాయికి చెప్పులు కుట్టేవాడితో పెద్ద గొడవ నడుస్తోంది. కొత్త బూట్లు పొద్దున వదులుగా ఉండి సాయంత్రానికి బిగుసుకుపోతున్నాయట. "వాడు బతికున్న తోలుతో కుట్టాడు డిగ్రీ! పగలంతా అది ముడుచుకుంటోంది" అనేవాడు. నన్ను ఆయన పిలిచే పేరు డిగ్రీ. మంచంతో కూడా పేచీయే. వెల్లకిలా పడుకుంటే మంచం గాలి ఆడనివ్వడం లేదట. ఒక దిండు, రెండు దిండ్లు, మూడు దిండ్లు అయ్యాక, మంచాన్ని వదిలేసి కుర్చీలో కూర్చునే నిద్రపోతున్నాడు. "ఇంటికి కాపలా" అనేవాడు. మేమంతా పగలబడి నవ్వేవాళ్ళం.

ఆస్పత్రిలో మాకొక నియమం ఉంది. సొంతవాళ్ళ గుండెను మనం స్కాన్ చేయకూడదు. ప్రేమతో గీత అటూ ఇటూ జరుగుతుందని. అందుకే నాన్న పరీక్ష బాధ్యత మా సీనియర్‌ది. ఆవిడకు పేరుంది కానీ డాక్టరుగారితో సహా అందరూ సీనియర్ అనే పిలుస్తారు. ఎదురుగా నేను మాత్రం అక్కా అంటాను. మావాళ్ళెవరినీ ఆవిడ ఎప్పుడూ చూడలేదు. ఆ పొద్దున నేను చిన్న మిషను తోసుకుంటూ వార్డుల్లో మంచాల దగ్గర స్కానింగులు చేస్తున్నాను. పని ముగించుకుని వచ్చేసరికి సీనియర్ నన్ను తలుపు చాటుకు పిలిచింది.

"మీ నాన్నగారు భలే సరదా మనిషి" అంది. కానీ ముఖంలో సరదా లేదు.

"ఏం చేశాడక్కా?"

"రాగానే 'గుడ్ మార్నింగ్ మేడం, ప్రిపేరై వచ్చాను' అన్నారు. ఎడమ పక్కకు తిరిగి పడుకోమంటే, 'పక్కవాళ్ళ వైపు చూడను మేడం, కాపీ కొట్టే అలవాటు లేదు' అన్నారు. పుట్టిన తేదీ అడిగితే రెండు చెప్పి, అందులో ఏది బాగుంటే అది వేసుకోమన్నారు."

నేను నవ్వాను. సీనియర్ నవ్వలేదు. తెర మీద బొమ్మను మళ్ళీ ఆడించి చూపించింది.

నేను తెరకు దగ్గరగా వంగాను. ఎడమ గది సాగి, గుండ్రంగా ఉబ్బి ఉంది. నిండడం నిండుతోంది. కానీ ముడుచుకునే వేళకు గోడలు ఏదో మొహమాటానికి కదిలినట్టు కదిలి ఊరుకుంటున్నాయి. ఆవిడ గీసిన మొదటి గీత పెద్దది. రెండో గీత దాదాపు దాన్నే ఆనుకుని ఉంది. స్టాపు తర్వాత స్టాపు వస్తోంది, జనం ఎక్కుతూనే ఉన్నారు, దిగేవాళ్ళు మాత్రం లేరు. బస్సు ఉబ్బిపోతోంది.

"గీసిందే మళ్ళీ గీశాను. వేరే కోణంలోంచీ చూశాను" అంది సీనియర్ మెల్లగా. "ముప్పై. అంతకు మించి రావడం లేదు."

"నాన్న ఏడి?"

"డాక్టరుగారు వచ్చేదాకా కూర్చోమన్నాను. 'మూడో అంతస్తుకు బీరువా ఎక్కించాలి మేడం, రిజల్ట్ మా అమ్మాయికి చెప్పండి' అని వెళ్ళిపోయారు. మీ నాన్నగారు బస్సు డ్రైవరు కదా! బీరువా ఏమిటి?"

"ఏమో అక్కా" అన్నాను. భయపడ్డ మనిషికి బీరువా వినిపిస్తుంది గానీ బోధపడదు.

డాక్టరుగారు రిపోర్టు చూసి కళ్ళద్దాలు తీశారు. "వెంటనే తీసుకురా. ఒక్క మెట్టు ఎక్కనివ్వకు. చెంబెడు బరువు కూడా ఎత్తనివ్వకు. ఇలాంటి గుండె ఎప్పుడు లయ తప్పుతుందో చెప్పలేం" అన్నారు.

ఇంటికి ఎలా చేరానో నాకు తెలియదు. తలుపు తీసేసరికి నాన్న స్టూలెక్కి, ఈల వేస్తూ బల్బు మారుస్తున్నాడు.

"దిగు నాన్నా!"

"ఇదొక్కటీ బిగించి..."

"దిగమన్నానా!"

దిగాడు. చెయ్యి పట్టుకుని నడిపించి కుర్చీలో కూర్చోబెట్టాను. కుర్చీలో ఉన్న మూడు దిండ్లూ వీపు వెనక పెట్టాను. వంటింట్లోకి వెళ్ళి ఉప్పు డబ్బా తీసి అటక మీదికి విసిరాను. 

"పాసైతే ఇన్ని మర్యాదలుంటాయా?" అన్నాడు నాన్న, దిండ్లలో మునిగిపోతూ. "ముందే తెలిస్తే చదువుకునేవాణ్ణి కదమ్మా. ఈ దిండ్లు తీసెయ్ తల్లీ, మెడ నొప్పి."

"పడుకుంటే ఆయాసం రావడం లేదా?"

"నాకెందుకొస్తుంది?"

ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని చీలమండ మీద వేలితో నొక్కాను. అంత నీరసపడ్డ గుండెకు కాళ్ళలో నీరు చేరుతుంది, నొక్కితే గుంట పడుతుంది. గుంట పడలేదు. నాన్నకు చక్కిలిగింత మాత్రం పెట్టింది. కిసకిస నవ్వాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఏడుపు ఆగలేదు.

"నాన్నా, ముప్పై వచ్చింది."

నాన్న ఎగిరి లేచాడు. "ముప్పయ్యా! వాడికి ముప్పై రావడమేమిటి? ఫ్రిజ్ మోస్తాడే వాడు!"

ఇల్లంతా దొంగకు తేలు కుట్టినట్టయింది.

"వాడంటే ఎవరు?" అన్నాను.

అమ్మ గోడ వైపు చూసింది. నాన్న బల్బు వైపు చూశాడు. నాన్నమ్మ నోరు విప్పకూడదన్న పని ఆ క్షణంతో రద్దయింది.

"చిన్నోడే పిల్లా. వీడికి భయమేసింది. నా బదులు నువ్వు రాసిపెట్టరా అని తమ్ముణ్ణి పంపాడు. కార్డు మీద ఫోటో పాతదేగా, ఎవడిదైనా అనుకోవచ్చు. వాడైతే ఒళ్ళు గట్టి, వందకు వంద తెస్తాడనుకున్నాం."

"గుండె పరీక్షకు మనిషిని మార్చి పంపుతారా ఎవరైనా!"

"చొక్కా కుట్లు విప్పింది మీ అమ్మ" అన్నాడు నాన్న.

"మీసం కత్తిరించింది ఎవరండీ? నేనా?" అంది అమ్మ.

"ఐడియా నీదే కదుటే!"

"మీరు పొద్దస్తమానం కిటికీ దగ్గర ఎక్కండి దిగండి అంటుంటే నా తల తిరిగిపోయి ఇచ్చాను!"

"నోర్మూసుకోండిరా!" అంది నాన్నమ్మ. అని, ముందుగా ఆవిడే ఆగిపోయింది. "ముప్పై వీడిది కాకపోతే..."

నలుగురమూ నాన్న లేచిన కుర్చీ వైపు తిరిగాం. అది బాబాయి కుర్చీ. అవి బాబాయి దిండ్లు. కుర్చీ కింద బాబాయి కొత్త బూట్లు, లేసులు పూర్తిగా ఊడదీసి, నాలుకలు బయటికి లాగేసి ఉన్నాయి. వాటిలో ఇక కాళ్ళు పట్టక చెప్పులేసుకుని వెళ్ళాడు. ఇన్నాళ్ళూ మేం నవ్విన నవ్వంతా ఆ బూట్ల దగ్గర ఆగిపోయింది.

అప్పుడు నాకు బీరువా బోధపడింది.

"మూడో అంతస్తు!" అన్నాను. "ఎక్కడ?"

"మార్కెట్ వెనక కొత్త బిల్డింగు. లిఫ్టు ఇంకా పెట్టలేదు" అంది అమ్మ. ఫోను చేశాం. అది దిండ్ల కిందే మోగింది.

నాన్న చెప్పులేసుకోకుండానే రోడ్డు మీదికి పరిగెత్తాడు. ఎదురుగా ఒక సిటీ బస్సు వస్తోంది. నడిరోడ్డు మీద చేతులు చాపి నిలబడ్డాడు. బస్సు కీచుమంటూ ఆగింది. స్టీరింగు దగ్గర ఉన్నది నాన్న స్నేహితుడే.

"ఏంట్రా, చావాలనుందా?"

"మార్కెట్ వెనక్కి తిప్పు!"

"అది నా రూటు కాదురా! నిండా ప్యాసింజర్లున్నారు!"

"వాళ్ళూ వస్తారు. మా తమ్ముడి గుండె ఫెయిలైందిరా!"

ఆ మాట విని బస్సులో ఒక్కరు కూడా అభ్యంతరం చెప్పలేదు. పైగా నాన్నమ్మకు సీటిచ్చారు. మార్కెట్ వెనక బస్సు ఆగగానే నాన్న దూకాడు, నేను దూకాను, మా వెనక అమ్మ, నాన్నమ్మ, వాళ్ళ వెనక సంచీలతో, గొడుగులతో జనం. కిటికీ సీటు వాళ్ళు కూడా దిగిపోయారు. నాన్న సర్వీసు మొత్తంలో బస్సు వందకు వంద ఖాళీ అయిన స్టాపు అదొక్కటే.

మెట్ల రెండో మలుపులో బాబాయి కనిపించాడు. వీపు మీద బీరువా. నాన్న యూనిఫాం చొక్కా చెమటకు తడిసి ఒంటికి అతుక్కుపోయింది. గోడకు చెయ్యి ఆనించి రొప్పుతున్నాడు. పెదవులు నల్లగా ఉన్నాయి. వెనక నుంచి బీరువాకు చెయ్యి పట్టినతను "అన్నా, దించుదామా?" అని అడుగుతున్నాడు.

నన్ను చూడగానే బాబాయి ముఖం విప్పారింది. "ఓయ్ డిగ్రీ! ఎన్నొచ్చాయి?"

"ముందు బీరువా దించు. చెబుతాను."

"మలుపులో దించితే... ఇంకేమన్నా ఉందా? ఊళ్ళో... పేరు పోతుంది." ఒక్కో మాటకూ ఒక్కో ఊపిరి అందుకుంటున్నాడు. "పైకి చేర్చాక... చెబుదువుగానిలే."

ఒక కాలు పై మెట్టు మీద పెట్టాడు.  మీదికెళ్ళి లాగితే బీరువాతో సహా పడిపోతాడు. నా డిగ్రీలో ఈ పాఠం లేదు.

కింద నుంచి నాన్నమ్మ గొంతు మెట్లన్నీ అదిరేలా వినిపించింది. "ఒరేయ్ చిన్నోడా! దించుతావా, నన్ను పైకి రమ్మంటావా?"

బాబాయి పై మెట్టు మీద కాలు వెనక్కి తీశాడు. మోకాళ్ళు వంచి బీరువాను మెల్లగా, చప్పుడు కాకుండా దించాడు. దాన్నే ఆనుకుని కూర్చుండిపోయాడు.

"ఇప్పుడు చెప్పు."

"ముప్పై బాబాయ్."

వేళ్ళ మీద లెక్కపెట్టాడు. "ఇంకో అయిదు గ్రేస్ మార్కులు వేయరా?"

జనంలో ఎవరో పక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకున్నారు. నాన్న మాత్రం తమ్ముడి ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"అది నీ పరీక్షేరా బండా. నా పేరు మీద నీది నువ్వు రాసుకున్నావు."

"నిన్ను ఫెయిల్ చేశానా అన్నయ్యా?" అన్నాడు బాబాయి. ముప్పై ఎవరి గుండెదో ఆయనకు ఇంకా ఎక్కలేదు. "స్టీరింగు పోయిందా?"

నాన్న ముందుకు జరిగాడు. బాబాయి వీపున ఉన్న పట్టీ విప్పి తన భుజాలకు తగిలించుకుని, వీపు తిప్పి కూర్చున్నాడు. "ఎక్కు."

"నువ్వు నన్ను మోస్తావా? నీకు పని రాదు."

"ఎక్కరా వెధవా!"

ఎక్కాడు. నాన్న లేచాడు. ఒక్కో మెట్టూ దిగుతుంటే వీపు మీద నుంచి బాబాయి పని నేర్పుతూనే ఉన్నాడు. "నడుం వంచకన్నయ్యా, మోకాళ్ళు వంచు. గోడ పక్కగా రా. బరువును చూడకూడదు, మెట్టును చూడాలి." జనం రెండు పక్కలా గోడలకు అంటుకుని దారిచ్చారు. నాన్న మధ్యలో ఒక్కసారి కూడా ఆగలేదు. ఆయన గుండె ఎంత బాగా నిండి ఎంత బాగా నెడుతోందో నాకు మిషను లేకుండానే తెలిసిపోయింది.

బస్సు అట్నుంచి అటే ఆస్పత్రికి వెళ్ళింది. ఒకే ముఖంతో ఇద్దరు మనుషులు, ఒకరి మీద ఒకరు, తలుపులోంచి రావడం చూసి సీనియర్ చేతిలోని జెల్లు సీసా జారవిడిచింది.

"వీరిద్దరిలో పేషెంటు ఎవరు?"

"పైనున్నాయన" అన్నాను.

డాక్టరుగారు అంతా విన్నారు. నాన్న చేతులు కట్టుకుని నిలబడి, "నన్ను డిబార్ చేయండి సార్. వాణ్ణి మాత్రం పాస్ చేయండి" అన్నాడు.

"మీ సంగతి తర్వాత" అని డాక్టరుగారు బాబాయి వైపు తిరిగారు. "పడుకుంటే ఆయాసం వస్తోందా?"

"నాకు కాదు సార్, మంచానికి."

"కాళ్ళ వాపు?"

"బూట్లకు సార్."

"ఎప్పుడైనా డాక్టరుకు చూపించుకున్నారా?"

"చెప్పులు కుట్టేవాడికి చూపించాను."

డాక్టరుగారు మళ్ళీ కళ్ళద్దాలు తీశారు. నవ్వు ఆపుకోవడానికో, కోపం ఆపుకోవడానికో నాకు తెలియలేదు. "సరే, బోధపడింది. తమ్ముడు అన్న పరీక్ష రాయడానికి వచ్చాడు కాబట్టి సరిపోయింది. తన పరీక్షకు పిలిస్తే ఈ జన్మలో వచ్చేవాడు కాదు" అన్నారు. ఆ పూటే బాబాయిని చేర్చుకున్నారు.

మర్నాడు నాన్న తన పరీక్ష తానే రాశాడు. కార్డుతోపాటు పాలవాణ్ణి కూడా సాక్ష్యానికి తెచ్చుకోమంది సీనియర్. నాన్న నిజంగానే తెచ్చాడు. అరవై రెండు వచ్చింది. ఫస్ట్ క్లాసు. బతుకులో మొదటిసారి. కానీ నాన్న గంతులేయలేదు. నన్ను వరండాలోకి లాగి, "వాడికి చెప్పకమ్మా. బాధపడతాడు. నాకు ముప్పై ఒకటి వచ్చిందని చెప్పు" అన్నాడు.

చెప్పాను. బాబాయి పరమానందపడ్డాడు. "ఒక్కటే ఎక్కువా? పోనీలే, ఫెయిలైనా అన్నదమ్ములం కలిసే ఫెయిలయ్యాం" అన్నాడు. వారం తిరక్కుండానే నాన్న డ్యూటీ యూనిఫాంలో, చేతిలో బస్సు తాళంతో చూడ్డానికొచ్చాడు. బాబాయి మంచం మీద నుంచి కేకలు. "సిస్టర్! ఆ మనిషిని పట్టుకోండి! ముప్పై ఒకటితో బస్సు నడుపుతున్నాడు! జనం చచ్చిపోతారు!" నర్సులిద్దరు నిజంగానే వచ్చి నాన్నను చెరో చెయ్యీ పట్టుకున్నారు. ఇక నిజం చెప్పక తప్పలేదు.

బాబాయి కాసేపు అలిగాడు. తర్వాత, "అరవై రెండా? మన ఇంట్లోనా?" అని వార్డంతా వినిపించేలా చెప్పుకున్నాడు.

ఇది విని నాన్నమ్మ ఊరుకోలేదు. తానూ రాస్తానంది. సీనియర్ చేసింది. అరవై అయిదు. "బడి ముఖం చూడనిదాన్ని. ఇంటికి నేనే ఫస్టు" అని అప్పటినుంచి ఏ వాదన వచ్చినా ఆ అంకె చెప్పి గెలుస్తోంది. అమ్మ మాత్రం తనకు పరీక్ష వద్దంది. "నా గుండె సంగతి నాకు తెలుసు. మీ అందరితో కాపురం చేస్తూ ఇంకా ఆడుతోందంటే డిస్టింక్షనే" అంది.

ఇక ఆ బీరువా. దాన్ని మలుపులో బాబాయి ఏ ఒడుపుతో దించాడో గానీ, మిగతావాళ్ళు పైకీ ఎక్కించలేకపోయారు, కిందికీ దించలేకపోయారు. అద్దెకొచ్చినవాళ్ళు రెండు రోజులు దాని పక్కనుంచి ఒంటిపక్కగా నడిచారు. చివరికి ఆస్పత్రి మంచం మీద నుంచి బాబాయే ఫోనులో నడిపించాడు. "ఎడమకు తిప్పు. నీ ఎడమ కాదురా, బీరువా ఎడమ! ఇప్పుడు దాన్ని కాస్త ఊపిరి తీసుకోనివ్వు." బీరువా మూడో అంతస్తు చేరింది. పేరు దక్కింది.

మాత్రలు, ఉప్పు లేని కూర, పట్టీ ఊసెత్తని నెలలు గడిచాక బాబాయి సప్లిమెంటరీ రాశాడు. సీనియరే గీసింది. నేను గది బయట గోళ్ళు కొరుక్కుంటూ నిలబడ్డాను. రెండు గీతల మధ్య ఈసారి కాస్త ఎడం వచ్చింది. నలభై నాలుగు. బస్సులోంచి జనం దిగడం మొదలుపెట్టారు. అందరూ కాదు, ఇంకా తోసుకుంటూనే ఉన్నారు, కానీ దిగుతున్నారు. "ఎన్నొచ్చాయి డిగ్రీ?" అని లోపల్నుంచి కేక. చెప్పాను. "సెకండ్ క్లాసుకు ఎంత తక్కువ?" అన్నాడు. గ్రేస్ మార్కులు అడగలేదు.

ఇప్పుడు బాబాయి బరువులు మోయడు. మెట్ల కింద కుర్చీ వేసుకుని మోసేవాళ్ళకు దారి చెబుతాడు. వాళ్ళు ఆయన్ను మాస్టారూ అంటారు. మంచం మీద ఒకే దిండుతో పడుకుంటాడు. చెప్పులు కుట్టేవాడి దగ్గరికి వెళ్ళి క్షమించమన్నాడు. అతను బూట్లకు కొత్త లేసులు వేసి ఇచ్చాడు. పొద్దున ఎంత వదులో సాయంత్రం కూడా అంతే వదులు.

నేను రాసేది ఇది చెప్పడానికే. నాకు అలంకారాలు రావు, ఉన్నదున్నట్టు అడుగుతాను. మీ ఇంట్లో ఎవరికైనా పొద్దున సరిపోయిన చెప్పులు సాయంత్రానికి బిగుతైతే, పడుకుంటే మంచం గాలి ఆడనివ్వడం లేదని ఎవరైనా మూడో దిండు అడిగితే, నవ్వండి, తప్పు లేదు, మేమూ నవ్వాం. కానీ చెప్పులు కుట్టినవాణ్ణి తిట్టబోయే ముందు, అన్న చొక్కా తొడుక్కుని పక్కవాళ్ళ వైపు చూడకుండా పరీక్ష రాసిన మా బండబాబాయిని ఒక్కసారి తలుచుకోండి.